మాటలకూ వరసలుంటాయి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదవండి. వచ్చే కార్యవర్గ సమావేశంలో రెండో అంశంగా పెట్టిన ఇంగ్లీషు క్లాసు తీర్మానం గురించి నా అభిప్రాయం ఇది. పెద్దలు తప్పుగా అనుకోవద్దు.

ఉగాది విందు రోజు జరిగింది మీలో చాలామంది చూసినారు. ప్లస్ టూ ముగించిన పాప ఒకతె వందన సమర్పణ చేయడానికి మైకు దగ్గరికి వచ్చింది. తమిళంలో చెప్పు తల్లీ అంటే వద్దు, ఇంగ్లీషులోనే చెబుతానని ముచ్చటపడింది. ఇంట్లో రాసుకుని వచ్చిన కాగితం చేతిలో ఉంది. 'అవర్ ఎల్డర్స్ డిడ్ ఎ గుడ్ డెసిషన్' అన్నది. ముందు వరసలో ఇద్దరు నవ్వినారు. ఆ సాయంత్రం గాలివాన కదా, 'హెవీ విండ్ అండ్ స్ట్రాంగ్ రెయిన్, బట్ యూ ఆల్ కేమ్' అన్నది. ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. పాప కాగితం మడిచి, మిగిలింది చదవకుండానే కిందికి దిగిపోయింది. తర్వాత నాలుగు రోజులకే గ్రూపులో మాట మొదలైంది, మన పిల్లకాయలకు గ్రామరు రాదు, బయటినుంచి మాస్టరును పిలిపించి నలభై రోజుల స్పోకెన్ ఇంగ్లీషు పెట్టాలి, అరవై వేలు అవుతుంది, సంఘం ఇవ్వాలి అని.

ఆ పాప చెప్పిన రెండు మాటల్లో గ్రామరు తప్పు ఎక్కడుందో నాకు చూపించండి. కర్త ఉంది, క్రియ ఉంది, కర్మ ఉంది. జరిగిపోయినదానికి భూతకాలమే వాడింది. నలభై రోజులు టెన్సుల పట్టిక బట్టీ పట్టిస్తే ఆ రెండు తప్పులూ పోతాయా? పోవు. ఎందుకంటే అవి గ్రామరు తప్పులు కావు. వరస తప్పులు.

మన ఇళ్ళల్లో పెళ్ళి మాట వస్తే మొదట ఏమడుగుతాము? వరస కుదురుతుందా అని. మేనమామ కూతురు మరదలు, చేసుకోవచ్చు. పెదనాయన కూతురు అక్కో చెల్లెలో, ఆ మాటే ఎత్తకూడదు. రెండూ రక్తసంబంధమే కదా, ఒకటి ఎందుకు సరి, ఇంకొకటి ఎందుకు కాదు అని బయటివాడు అడిగితే ఏం చెబుతాము? మాకు అంతేనయ్యా అంటాము. పుట్టినప్పటినుంచి చూసి తెలుసుకున్నదే తప్ప, ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. మాటలకు కూడా అదే కథ. ఇంగ్లీషులో వాన 'హెవీ', గాలి 'స్ట్రాంగ్'. పొగమంచు 'థిక్', లేకపోతే 'డెన్స్'. టీ 'స్ట్రాంగ్', ఇంజను 'పవర్‌ఫుల్'. బలం అనే అర్థం రెండింటికీ ఉన్నా 'పవర్‌ఫుల్ టీ' అంటే వాళ్ళకు నవ్వొస్తుంది. కారణం లేదు, వరస అంతే. నిర్ణయాన్ని 'మేక్' చేస్తారు, బ్రిటిష్‌వాళ్ళు 'టేక్' కూడా చేస్తారు, 'డు' మాత్రం చేయరు. తప్పు 'మేక్', హోంవర్కు 'డు'. వాగ్దానం 'మేక్', వ్యాపారం 'డు'. మనకు తెలుగులో అన్నిటికీ 'చేయడం' ఒక్కటే, తమిళంలో 'సెయ్', లేకపోతే 'పణ్ణు'. ఇంటి భాషలో ఒక్కటే ఉన్నచోట ఇంగ్లీషులో రెండు ఉంటే, పిల్ల ఏది తీసుకోవాలో గ్రామరు పుస్తకం చెప్పదు.

నేను ఇది చెప్పడానికి ఇంగ్లీషు పండితుణ్ణి కాదు. కోవిల్‌పట్టి పక్క పల్లెటూరు, ఇంట్లో తెలుగు, బడిలో మొదటినుంచి చివరిదాకా తమిళం. రైల్వే సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి 1983లో తూత్తుకుడి పక్క గూడ్సు క్లర్కుగా చేరినాను. అప్పుడు మీటరు గేజి. ఉప్పు బస్తాలు ఎక్కే వ్యాగన్ల లెక్క నా పని. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే. నాకు ఇంగ్లీషు మాటలు తెలుసు, అర్థాలు కూడా తెలుసు, డిక్షనరీ ఉంది. అయినా నేను రాసే ప్రతి నోటూ తిరిగి వచ్చేది.

ఒకసారి ఉప్పు వ్యాపారి ఒకాయన వాన వల్ల లోడింగు ఆలస్యమైందని డెమరేజి మాఫీకి అర్జీ పెట్టుకున్నాడు. రైల్వేలో పని చేయనివాళ్ళకు చెబుతాను. వ్యాగను నింపడానికీ ఖాళీ చేయడానికీ కొన్ని గంటలు ఉచితం. ఆ గడువు దాటి వ్యాగనును నిలబెట్టుకుంటే గంటల లెక్కన కట్టేది డెమరేజి. సరుకునే షెడ్డులో గడువు దాటి వదిలేస్తే కట్టేది వార్ఫేజి. ఆ అర్జీ మీద నేను నోటు రాసినాను, 'ది పార్టీ ప్రేస్ టు ఫర్గివ్ ది డెమరేజ్' అని. తమిళంలో 'మన్నిక్కవుం' అంటాము కదా, దాన్నే ఇంగ్లీషు చేసినాను. మా హెడ్ క్లర్కు పాలక్కాడు ఆయన. కళ్ళజోడు పైకి తోసి, 'ఏమయ్యా, డెమరేజి పాపం చేసిందా? పాపాలను ఫర్గివ్ చేస్తారు, డెమరేజిని వేవ్ చేస్తారు' అన్నాడు. అంతటితో పంపేసి ఉంటే నేనూ మరిచిపోయి ఉండేవాణ్ణి. ఆయన కూర్చోబెట్టి చెప్పినాడు. 'డెమరేజి అక్రూ అవుతుంది. దాన్ని లెవీ చేస్తారు. వేవ్ చేస్తారు. ఈ మూడు కాక ఇంకెవరినీ దాని పక్కకు రానీయకు.'

అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. నేను మాటలను ఒంటరిగా నేర్చుకున్నాను. 'డెమరేజి' ఒక చీటీ, 'ఫర్గివ్' ఒక చీటీ. మాటలు ఒంటరిగా బతకవు. పాత రిజిస్టరు ఒకటి, వెనకవైపు పేజీలు ఖాళీగా ఉన్నది, ఇంటికి తెచ్చుకున్నాను. ఎడమవైపు ఒక నామవాచకం, కుడివైపు దాని చుట్టాలు. 'లీవ్': అప్లై ఫర్, గ్రాంట్, శాంక్షన్, ఎక్స్‌టెండ్, క్యాన్సిల్. 'చార్జ్': టేక్ ఓవర్, హ్యాండ్ ఓవర్. వ్యాగన్లకు 'ఇండెంట్' రాసేది కాదు, 'ప్లేస్' చేసేది. స్టేషను మాస్టర్ల నోట వినేవి కూడా రాసుకున్నాను. సిగ్నలును 'టేక్ ఆఫ్' చేస్తే బండికి దారి ఇచ్చినట్టు, తీసేసినట్టు కాదు. 'డెడ్ స్లో' ఉంది, 'డెడ్ స్టాప్' ఉంది, పని చేయక ఇంకో ఇంజను లాక్కుపోతే 'డెడ్ ఇంజన్' కూడా ఉంది, కానీ 'డెడ్ ఫాస్ట్' అని ఒక డ్రైవరు కూడా అనగా నేను వినలేదు. రిటైరయ్యేలోపల అట్లాంటి రిజిస్టర్లు నాలుగు నిండినాయి.

అంత నేర్చుకున్నాక కూడా పరువు పోయిన రోజు ఉంది. ఒక అధికారి పదవీ విరమణ సభకు సన్మాన పత్రం నన్నే రాయమన్నారు. గొప్పగా ఉండాలని 'హి హాజ్ కమిటెడ్ మెనీ గుడ్ డీడ్స్ ఇన్ దిస్ స్టేషన్' అని రాసి, ఫ్రేము కట్టించి, నేనే చదివినాను. ఆయన మంచివాడు. నవ్వి, 'చార్జిషీటు లేకుండా రిటైరవుతున్నానని సంతోషపడినానే, చివరిరోజు ఇచ్చేసినారా' అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు ఎందుకో తెలియలేదు. ఇంటికి పోయి డిక్షనరీ చూస్తే 'కమిట్' అంటే చేయడం అనే ఉంది. దొంగతనం, హత్య, ఆత్మహత్య, నేరం, పాపం, ఇట్లాంటివాటితోనే ఆ 'చేయడం' పోతుందని ఆ చిన్న డిక్షనరీలో లేదు. 'కాజ్' కూడా అంతే. నష్టం, ఆలస్యం, ప్రమాదం, తలనొప్పి, వీటినే జాస్తిగా 'కాజ్' చేస్తారు. 'యువర్ విజిట్ కాజ్డ్ హ్యాపీనెస్' అంటే అర్థం తెలుస్తుంది గాని, వినేవాడికి ఎక్కడో గుచ్చుకుంటుంది. మనుషుల మాదిరే, చెడ్డ సావాసం చేసి చేసి మాటకు కూడా ఆ వాసన అంటుకుంటుంది.

ఇదంతా నా సొంత తెలివి కాదని తర్వాత తెలిసింది. 1922లో హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీషాయన జపానుకు పోయినాడు, అక్కడి బడుల్లో ఇంగ్లీషు ఎట్ల నేర్పాలో సలహా ఇవ్వడానికి. పరాయి భాషవాళ్ళకు నేర్పేటప్పుడు విడి మాటలతో పని కాదని, కలిసి వచ్చే మాటలను ఒకే ముద్దగా నేర్పాలని ఆయన కనిపెట్టినాడు. 1933లో తోక్యోనుంచి అట్లాంటి జతలను పోగుచేసి ఒక నివేదిక వేసినాడు. ఆయన దగ్గర పని చేసిన హార్న్‌బీ అనే ఆయన తయారుచేసిన డిక్షనరీయే 1942లో జపానులో వచ్చి, 1948లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళ చేతికి పోయింది. మన ఇళ్ళల్లో బీరువా మీద దుమ్ము పట్టి ఉండే లావుపాటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళ కోసం కాదు, మన మాదిరి బయటినుంచి నేర్చుకునేవాళ్ళ కోసం పుట్టిన పుస్తకం అది. నాకు ఈ సంగతి చాలా ఇష్టం.

ఇంకొకాయన ఫర్త్. మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని భాషాశాస్త్రంలో గట్టిగా నిలబెట్టింది ఆయనే. 1920ల్లో లాహోరులో ఇంగ్లీషు ప్రొఫెసరు. 1934లో తమిళ ఉచ్చారణ మీద చిన్న పుస్తకం రాసినాడు, అది ఆర్డెన్ దొర తమిళ వ్యాకరణానికి అనుబంధంగా వచ్చింది. అదే ఆర్డెన్ బందరులో ఉన్నప్పుడు 1873లో తెలుగు వ్యాకరణం కూడా రాసి ఉన్నాడు. ఫర్త్ 1937లో మళ్ళీ ఇండియాకు వచ్చినాడు, గుజరాతీ, తెలుగు భాషలను పరిశీలించడానికి. ఇంగ్లీషు మాటల సావాసం గురించి ఆలోచించిన మనిషి తమిళమూ తెలుగూ చెవిన వేసుకున్నవాడే అన్నమాట. ఆయన పోయింది 1960లో. నేను పుట్టింది కూడా ఆ ఏడే.

తర్వాత కంప్యూటర్లు వచ్చినాయి. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో సింక్లేర్ అనే ఆయన బృందం కోట్లకొద్దీ... కాదు, నాకు సరిగ్గా తెలిసినంతే చెబుతాను, లక్షలకొద్దీ మాటలను కంప్యూటరుకు ఎక్కించి, ఏ మాట పక్కన ఏది వస్తుందో చూసి 1987లో కోబిల్డ్ అనే డిక్షనరీ తెచ్చినారు. 2002లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు జతల కోసమే ఒక డిక్షనరీ వేసినారు. దాన్ని చూసే పద్ధతి తెలుసుకోవాలి. 'హెవీ' కింద వెతకకూడదు, 'రెయిన్' కింద వెతకాలి. పెళ్ళికూతురి ఇంటికి పోయి వరుళ్ళను విచారించినట్టు. అక్కడ ఏ విశేషణాలు వస్తాయి, ఏ క్రియలు వస్తాయి అన్నీ ఉంటాయి. అచ్చం నా పాత రిజిస్టరే. మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, నవ్వొద్దు.

ఇక్కడ తమిళ మీడియం పిల్లకాయల గురించి ఒక మాట. వాళ్ళు అన్నిటా వెనకబడి ఉంటారని అనుకోవద్దు. 'పే అటెన్షన్' అనేది చూడండి. ధ్యాసను డబ్బు మాదిరి కట్టడం ఏమిటి అని తెలుగు మాత్రమే తెలిసినవాడు తికమక పడతాడు, మనం ధ్యాస 'పెడతాము'. తమిళంలో 'గవనం సెలుత్తు' అంటారు, ఫీజుకు కూడా 'కట్టణం సెలుత్తు' అంటారు. తమిళ బడి పిల్లకు ఇది ఒక్క నిమిషంలో ఎక్కుతుంది. రెండు భాషల ఇంట్లో పుట్టిన పిల్లకు రెండు తాళం చెవులు ఉంటాయి. ఏ గదికి ఏది పడుతుందో చూపించేవాళ్ళు కావాలి, అంతే. అరవై వేల మాస్టరు హైదరాబాదు నుంచి వచ్చినా చెన్నపట్నం నుంచి వచ్చినా, ఆయనకు మన ఇంటి లోపలి భాష తెలియదు.

మన ఇంటి లోపలి భాష అన్నాను కదా, ఇప్పుడు నవ్విన పెద్దల వైపు తిరుగుతాను. మనం మాట్లాడే తెలుగులో మాటలు తెలుగువే, వరసలు మాత్రం సగం తమిళానివి. తమిళంలో 'పోడు' అనే ఒక్క మాట ఎన్ని సంసారాలు చేస్తుందో చూడండి. టీ పోడు, చొక్కా పోడు, సంతకం పోడు, సూది పోడు, లెక్క పోడు, ముగ్గు పోడు, కొట్లాట పోడు, కోడి గుడ్డు కూడా పోడు. దాన్ని మనం 'వెయ్యి' చేసుకున్నాము. ముగ్గు, సూది దగ్గర సరిపోయింది, ఆంధ్రలో కూడా ముగ్గు వేస్తారు, సూది వేస్తారు. టీ దగ్గర చిక్కుకుంటాము. విజయవాడలో ఒక పెళ్ళింట్లో నేను 'అమ్మా, ఒక టీ వెయ్యి' అంటే ఆ ఇంటి కోడలు 'టీ ఎక్కడ వెయ్యాలి బాబాయ్, నేల మీదా?' అన్నది. అక్కడ టీ పెడతారు. గుడ్డు పెడుతుంది. సంతకం పెడతారు. గురక కూడా పెడతారు, తమిళంలో అయితే గురకను 'విడుస్తారు'. ఆ రోజు ఆ ఇంట్లో అందరూ నవ్వినారు. ముందు వరసలో నవ్విన ఇద్దరిలో ఒకాయన అప్పుడు నా పక్కనే ఉన్నాడు, ఆయనా నాతోపాటు తల వంచుకున్నాడు. గుర్తుందో లేదో.

అన్ని వరసలూ పోలేదు. మా అవ్వ 'పచ్చి అబద్ధం' అనేది, తమిళంలో కూడా 'పచ్చై పొయ్' ఉంది, ఇద్దరికీ అబద్ధం పచ్చనే. ఇంగ్లీషులో అబద్ధం తెల్లగా ఉంటే అది ఎవరికీ హాని చేయని చిన్న అబద్ధం. ఇంకా అవ్వ దగ్గర కటిక చీకటి ఉండేది, కటిక ఉపవాసం ఉండేది, పండు ముసలి, పండు వెన్నెల ఉండేవి. వెన్నెల పండడం ఏమిటని నేను ఎప్పుడూ అడగలేదు. 52 ఏళ్ళ వయసులో తిరుపతిలో పెద్దబాలశిక్ష కొనుక్కుని అక్షరాలు నేర్చుకున్నాక, ఒక వారపత్రికలో 'పండు వెన్నెల' అని అచ్చులో చూసినాను. అవ్వ పోయి అప్పటికి ముప్పై ఏళ్ళు. మా ఇంట్లో ఆ జత ఇప్పుడు నా నోట్లో తప్ప ఇంకెవరి నోట్లోనూ లేదు.

వరస తప్పితే నవ్వుతో పోతుందని మీరు అనుకుంటున్నారేమో. మా ఇంట్లో జరిగినది ఒకటి చెబుతాను. ఇంతవరకు సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

2009లో మా పెదనాయన కాలం చేసినాడు. తమిళంలో మర్యాదగా చెప్పాలంటే 'తవరిట్టారు' అంటారు. తవరడం అంటే తప్పడం. మా ఇంట్లో దాన్నే తెలుగు చేసి 'తప్పిపోయినాడు' అంటాము, మా నాయన అనేవాడు, మా తాత అనేవాడు. మా మేనత్తను ఒంగోలు పక్క ఇచ్చినారు. ఆమెకు మిగిలిన ఒకే అన్న ఈయన. రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తే ఆమె కొడుకు తీసినాడు, అక్కడే పుట్టి పెరిగినవాడు. 'పెదనాయన తప్పిపోయినాడు, అత్తను తీసుకుని వెంటనే బయలుదేరు' అన్నాను. 'అయ్యో, ఎప్పటినుంచి?' అన్నాడు. సాయంత్రంనుంచి అన్నాను. 'ఆ వయసులో ఎంత దూరం పోతాడు బావా, బస్టాండులో, గుడి దగ్గర చూపించండి, దొరుకుతాడు' అన్నాడు. దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నాడనుకున్నాను. ఇంట్లో ఏడుపుల్లో సరిగ్గా వినబడలేదు కూడా. అవతల అతను, అమ్మను కంగారు పెట్టడం ఎందుకు, తెల్లారి కబురు కనుక్కుందామని ఆమెకు చెప్పలేదు. తెల్లారి నాకు తీరిక లేదు, మధ్యాహ్నానికి ఎత్తేసినాము. వాళ్ళు వచ్చేసరికి మూడో రోజు.

అత్త నన్ను తిట్టలేదు. 'నేను ఫోను తీసి ఉంటే తెలిసేది. వాడికి ఎట్ల తెలుస్తుంది? పోయినాడు అని ఒక్క మాట అనకూడదా నాయనా' అన్నది. తప్పిపోయినాడు, పోయినాడు. మధ్యలో ఉన్నది రెండు అక్షరాలు. ఆమె అన్న ముఖం చూడలేదు.

అందుకే ఎవరైనా జత తప్పి మాట్లాడితే నాకు నవ్వు రాదు. వాళ్ళకు భాష రాలేదని అర్థం కాదు, ఒక ఇంటి వరసను ఇంకో ఇంటికి తీసుకుపోయినారని అర్థం. మనం తరతరాలుగా చేస్తున్న పనే అది. ఇంట్లో 'టీ వెయ్యి' అనడం మానమని నేను చెప్పడం లేదు, అది మనది, నేను ఈ పొద్దున కూడా అట్లే అడిగినాను. ఆంధ్రకు పోయినప్పుడు ఇంకో మాట ఉందని తెలిసి ఉంటే చాలు.

గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు, మన ఇంగ్లీషు మన ఇష్టం, దొర వరసలు మనకెందుకు అని. సగం ఒప్పుకుంటాను. నేను పైన 'పరీక్ష రాసి' అన్నాను. ఇంగ్లీషులో కూడా మనం 'రైట్ ది ఎగ్జామ్' అంటాము, లండనులో 'టేక్', 'సిట్' అంటారు. ఇది దేశమంతా వాడుకలో ఉంది, దీన్ని నేను దిద్దను. 'డు ది నీడ్‌ఫుల్' అని జీవితమంతా రాసినాను, ఒకప్పుడు అది ఆ దొరల ఆఫీసు మాటే, వాళ్ళు వదిలేసినారు, మనం ఉంచుకున్నాము, తప్పేముంది. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నవాడు ఒక మాట దగ్గర ఆగిపోతే, ఆ తర్వాత పిల్ల చెప్పే విషయం వాడి చెవికి పోదు. నవ్విన హాలులో నేను చదివిన మిగతా సన్మాన పత్రం ఎవరికీ వినబడనట్టు. నాకు గొడవ అక్కడే. వినబడకుండా పోయే జతలను దిద్దుదాం, మిగతావాటిని వదిలేద్దాం.

సంఘానికి నేను అడిగేది ఇది. అరవై వేలు వద్దు. ఆ జతల డిక్షనరీ ఒకటి, హార్న్‌బీ డిక్షనరీ కొత్త ముద్రణ ఒకటి కొని మన మంటపం బీరువాలో పెట్టండి, తాళం వేయకుండా. రోజూ ఒక ఇంగ్లీషు పేపరు వేయించండి. పిల్లలకు తలా ఒక లాంగ్ సైజు నోటుబుక్కు. ఆదివారం పది గంటలకు ఒక గంట నేను కూర్చుంటాను. పేపర్లో ఒక వార్త, అందులో అయిదు నామవాచకాలు, వాటి చుట్టాలు ఎవరు, మన ఇంట్లో అదే పనికి తమిళంలో ఏమంటాము, తెలుగులో ఏమంటాము, మూడూ పక్కపక్కన. ఇంతే పాఠం. మూడో గడిని నింపడానికి పిల్లలు వాళ్ళ అవ్వలను అడగాల్సి వస్తుంది, అది నేను కావాలనే పెట్టినాను. గ్రామరు వద్దని అనడం లేదు, బడిలో చెబుతున్నారు, అది చాలు.

పోయిన ఆదివారం ఆ పాప మా ఇంటికి వచ్చింది, వాళ్ళమ్మ పంపింది. మడిచిన కాగితం ఇచ్చి, 'తాతా, ఎక్కడ తప్పో చెప్పండి' అన్నది. రెండు జతలు దిద్దినాను. మేడ్ ఎ గుడ్ డెసిషన్. స్ట్రాంగ్ విండ్, హెవీ రెయిన్. అంతకుమించి ఆ కాగితంలో దిద్దాల్సింది లేదు. ఆ రోజు చదవకుండా వదిలేసిన భాగం కూడా చదివినాను. అందులో మొదటి వాక్యం, విందుకు మిఠాయి ఖర్చు పెట్టుకున్న ఇద్దరు పెద్దలకు పేరుపేరునా కృతజ్ఞత. ఆ ఇద్దరూ ఎవరో, ముందు వరసలో ఎక్కడ కూర్చున్నారో మీకు తెలుసు.

కాగితం నా దగ్గర ఉంది. సమావేశానికి తెస్తాను.